తల తీసిన రొయ్యలు

పోయినవారం మా ల్యాబులో పాత ఫ్రీజరు ప్రాణం వదిలింది. ఇరవై ఏళ్ళకు పైగా మూలుగుతూనో ముక్కుతూనో మా శాంపిళ్ళన్నిటినీ గడ్డకట్టించి కాపాడిన ఫ్రీజరది. దాన్ని ఖాళీ చేసే పని నా దగ్గర పరిశోధన చేస్తున్న షాహీనాకు అప్పజెప్పాను. షాహీనా విజయవాడ వన్‌టౌన్ పిల్ల. వాళ్ళ నాన్నగారికి తాళాలు బాగుచేసే దుకాణం ఉంది. ఆ ఇంటి లక్షణమో ఏమో, మూత పడిన ప్రతి పెట్టెనూ తెరిచి చూస్తేగాని ఊరుకోదు. మధ్యాహ్నం భోజనాల వేళ, మంచు పేరుకున్న చిటికెనవేలంత ప్లాస్టిక్ ట్యూబును ఐసు గిన్నెలో పెట్టుకుని నా గదిలోకి వచ్చింది. "మేడం, దీని మీద ‘పె.’ అని ఉందండీ, ఇంకేం లేదు. రిజిస్టర్లో ఎక్కడా ఎక్కలేదు. రిజిస్టర్లో లేనివన్నీ పారేయమన్నారు కదా, పారేయనా?" అంది. ఆ రూలు నేను పెట్టిందే. దాన్ని తప్పినవాళ్ళను నేను ఎలా తిడతానో మా కారిడార్లో నడిచే ప్రతివారికీ తెలుసు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అలాంటిది, ఆ ‘పె.’ చూడగానే ట్యూబును నా చేతిలోకి తీసుకున్నాను. "పారేయొద్దు, కొత్త ఫ్రీజర్లో పెట్టు" అన్నాను. "పెట్టాలంటే రాయాలి కదండీ. ఎవరి దగ్గర్నుంచి వచ్చిందని రాయమంటారు?" అని అడిగింది. అడగవలసిన ప్రశ్నే అడిగింది. దానికి సరైన జవాబు చెప్పడం పాతికేళ్ళ కిందటే నా బాధ్యత, అప్పుడు నేను చెప్పలేదు.

‘పె.’ అంటే పెద్దమ్మ. మా అమ్మకు అక్క, పేరు వెంకాయమ్మ. మాది సముద్రం ఒడ్డు ఊరు. నాన్న పడవ మీద వేటకు వెళ్ళేవాడు. మా ఊళ్ళో బడి ఏడో తరగతి దగ్గర ఆగిపోతే, పామర్రులో ఉండే పెద్దమ్మ వచ్చి, "ఊరికి బళ్ళేకపోతే పిల్ల తప్పా? నాతో పంపండి" అని నన్ను తీసుకుపోయింది. ఆవిడకు పిల్లల్లేరు. పెదనాన్నను నేను చూడలేదు, నేను పుట్టకముందే పోయాడు. రొయ్యల వ్యాపారం ఆవిడే ఒంటిచేత్తో నడిపేది. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో పీటల మీద రెండు వరసలుగా కూర్చుని తలలు తీసే ఆడవాళ్ళు, మధ్యలో ఐసు నీళ్ళ తొట్టి. నా చదువంతా ఆ షెడ్డుకీ ఇంటికీ మధ్యనున్న వరండాలో జరిగింది. నన్ను లేపడానికి గడియారం అక్కర్లేదు. ఊకలో పొదిగిన ఐసు దిమ్మలు లారీ దిగగానే పెద్దమ్మ వాటిని గోనెసంచిలో చుట్టి కొయ్య సుత్తితో కొట్టేది. ఆ చప్పుడుకు మా వీధి వీధంతా లేచేది. ఆ తర్వాత వరసగా వాసనలు వచ్చేవి: తడిసిన ఊక, కాఫీ, వెనకే రొయ్యలు. రొయ్యల నీళ్ళకు వేళ్ళు పాచిపోయి మండుతాయి కాబట్టి, పని అయ్యాక ఆడవాళ్ళంతా పటిక రాసుకునేవాళ్ళు. ఈనాటికీ పటిక చేతికి తగిలితే నాకు తెల్లారినట్టే ఉంటుంది.

ఆ షెడ్డులో పెద్దమ్మకు ఒక నియమం ఉండేది. తల ముట్టిన చెయ్యి తోకల నీళ్ళలో పెట్టకూడదు. ఒకరు తల తీసి తోకను పళ్ళెంలో వేస్తే, తలలు ముట్టని ఇంకో మనిషి ఆ పళ్ళెం ఎత్తి తొట్టిలో వంపాలి. మరిచిపోయి ఎవరైనా చెయ్యి ముంచితే, మారు మాట్లాడకుండా తొట్టెడు నీళ్ళూ పారబోసి, మళ్ళీ ఐసు కొట్టేది. దూరపు షావుకారుకు పంపినా, మా పక్కింటి టీచరుగారికి అమ్మినా, ఆవిడ గుమ్మం దాటిన ఏ రొయ్యకూ తల ఉండేది కాదు. తలతో అమ్మడం ఆవిడ దృష్టిలో దుమ్ము దులపకుండా బియ్యం పోసినట్టు. ఇదంతా నేను ఛాదస్తం అనుకునేదాన్ని. ఇంటర్లో రొయ్య బొమ్మ గీసి, భాగాలన్నీ గుర్తించి, మంచి మార్కులు తెచ్చుకున్న నాకు ఆవిడ నేర్పేదేముంటుందిలే అనుకునేదాన్ని.

డిగ్రీ విజయవాడలో చదివాను. పామర్రులో పొద్దున్నే బస్సెక్కేదాన్ని, అదే బస్సులో పెద్దమ్మ కూడా ఎక్కేది, బెంజ్ సర్కిల్ దగ్గర హోటళ్ళకు రొయ్యలు ఇవ్వడానికి. కండక్టర్ని ఆవిడ "కండక్టరుగారండీ, కాస్త బుట్టకి చోటివ్వండి బాబూ" అని బతిమాలేది. అతను "ఏయ్ రొయ్యలమ్మా, వెనక్కి పో, నీళ్ళు కారుతున్నాయి" అని అరిచేవాడు. నేను ముందు సీట్లో కూర్చుని పుస్తకం తెరిచేదాన్ని. ఆవిడ ఎవరో తెలియనట్టు ఉండేదాన్ని. ఆవిడ బెంజ్ సర్కిల్లో దిగి, బుట్ట నెత్తిన పెట్టుకుని, నా కిటికీ పక్కనుంచి నడిచి వెళ్ళేటప్పుడు కూడా తలెత్తి చూసేది కాదు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని అలా చేసేదని నాకు అప్పుడే తెలుసు. తెలిసీ పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఇది చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

తొంభైల్లో మా వైపు వరిచేలు చెరువులయ్యాయి. గట్లు తెగ్గొట్టి, మట్టి ఎత్తి, టైగర్ రొయ్య పిల్లల్ని వదిలారు. రెండు మూడు పంటలు బ్రహ్మాండంగా వచ్చాయి. మా షెడ్డులో పీటలు చాలక ఆడవాళ్ళు ఇటుకల మీద కూర్చున్నారు. తర్వాత వైరస్ కొట్టింది. నిన్న చలాకీగా ఉన్న రొయ్యలు ఇవాళ గట్టు వారకు వచ్చి ఊరికే నిలబడేవి. తల పెంకు మీద తెల్లటి మచ్చలు, మూడు నాలుగు రోజుల్లో చెరువంతా ఖాళీ. రైతులు ఏదో ఒకటి దక్కుతుందని పిందె రొయ్యల్నే పట్టేసేవాళ్ళు. ఆ ఏడాది షెడ్డు సగం రోజులు మూసే ఉంది. పనిలేని ఆడవాళ్ళు అలవాటు కొద్దీ వచ్చి వరండాలో కూర్చుంటే, పెద్దమ్మ అందరికీ కాఫీలు పెట్టి, నా వైపు తిరిగి, "అంత చదువు చదువుతున్నావు గదా, ఇదేం రోగమో కనుక్కోకూడదటే?" అంది. ఊరికే అన్న మాటే. నేను మాత్రం దాన్ని పట్టుకున్నాను. అందరూ బ్యాంకు పరీక్షలకు కూర్చుంటుంటే నేను ఎమ్మెస్సీ చేసి, వైరస్ మీద పరిశోధన చేస్తానని ఇబ్రహీంపట్నం దారిలో కొత్తగా పెట్టిన పరిశోధన కేంద్రంలో చేరాను.

ఆ కేంద్రం గురించి చెప్పాలంటే ముందు కరెంటు గురించి చెప్పాలి. మా కిటికీలోంచి చూస్తే థర్మల్ స్టేషన్ పొగ గొట్టాలు కనిపించేవి. రాష్ట్రానికంతా కరెంటు పంపే చోటికి కూతవేటు దూరంలో ఉండి, మాకు రోజూ నాలుగ్గంటలు కోత. గదికి ఒక ఫ్యాను, ముగ్గురికి ఒక మైక్రోస్కోపు, మా అందరికీ కలిపి ఒక మాస్టారు. ఆయన మంచివారే, అయితే ఆయన దగ్గర మంచితనం కన్నా గడువులు ఎక్కువ. నేను తలకెత్తుకున్న ప్రశ్న ఇది. వైరస్ రొయ్య కణంలోకి దూరాక దాని జన్యువులన్నీ ఒకేసారి పనిచేయవు. కొన్ని ముందు లేస్తాయి, అవి మిగతావాటిని లేపుతాయి. లేచిన ప్రతి జన్యువూ తన ఆజ్ఞను ఆర్.ఎన్.ఏ. అనే చీటీ మీద రాయించుకుని పంపుతుంది. విచిత్రమేమిటంటే, ఆ చీటీలు రాసేది వైరస్ కాదు, రొయ్య కణంలో ఉన్న గుమాస్తాలే. ఇంటివాళ్ళ చేతే ఇంటికి నిప్పంటించే చీటీ రాయిస్తుందన్నమాట. ఏ చీటీ ముందు వెళ్ళిందో తెలిస్తే దొంగ ఏ తలుపులోంచి వచ్చాడో తెలుస్తుంది. నా జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది, అందుకు నాకు ఏ విచారమూ లేదు.

చిక్కల్లా ఆ చీటీ మహా నాజూకుది. రొయ్య చచ్చిన మరుక్షణం నుంచి చిరిగిపోవడం మొదలవుతుంది. మంచి ఆర్.ఎన్.ఏ., దాన్ని పరీక్షించే జెల్లు పలక మీద గీత గీసినట్టు మెరుస్తుంది, చెడిపోతే కిందికి జారి మసగ్గా అలుక్కుపోతుంది. ఏడుసార్లు చేస్తే నాకు ఏడుసార్లూ మసకే వచ్చింది. గట్టు మీద జబ్బు రొయ్యల్ని నేనే పట్టి, ఐసులో పెట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేదాన్ని. గ్లౌజులు రెండేసి తొడుక్కునేదాన్ని, సీసాలు కాల్చి కాల్చి వాడేదాన్ని. ఎనిమిదోసారికి మాస్టారు పిలిచి, "ఇంకొక్కసారి చెయ్యమ్మా. ఈసారీ రాకపోతే ఈ సమస్య వదిలేద్దాం. చెరువు నీళ్ళలో బ్యాక్టీరియా లెక్కపెట్టే పని ఉంది, థీసిస్ అయిపోతుంది" అన్నారు. థీసిస్ అయిపోతుంది నిజమే. నేను చేరిన పని మాత్రం మొదలవకుండానే అయిపోతుంది. పెద్దమ్మ వరండాలో కాఫీ గ్లాసులు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళకు, చెరువు నీళ్ళు లెక్కపెట్టానని చెప్పడానికి నాకు నోరు రాదు.

అప్పుడే నాకు జ్వరం వచ్చి మంచాన పడ్డాను. పామర్రు దగ్గర ఒక చెరువుకు మచ్చ తగిలిందని తెలిసింది, నేను వెళ్ళలేను. ఎస్.టి.డి. బూత్ నుంచి పక్కింటి టీచరుగారికి ఫోను చేయించి పెద్దమ్మను పిలిపించాను. "జబ్బు రొయ్యలు కావాలి పెద్దమ్మా, బతికున్నవి పట్టించి, బాగా ఐసులో పెట్టి పంపు" అన్నాను. అంతే చెప్పాను. మర్నాడు మధ్యాహ్నానికి ఆవిడే స్వయంగా వచ్చింది, ఉతికిన చీర కట్టుకుని, థర్మోకోల్ పెట్టె నడుము మీద పెట్టుకుని. జ్వరంతోనే లేచి వచ్చి, ల్యాబులో అందరూ చూస్తుండగా మూత తీశాను. పిండి చేసినట్టున్న ఐసు పొరల మధ్య రొయ్యలు ఒక్కో వరసా దువ్వి జడ వేసినట్టు పేర్చి ఉన్నాయి. ఒక్కదానికీ తల లేదు.

"తలలేవీ?" అన్నాను.

"తీసేశాగా. చెరువు గట్టు మీదే, బతికుండంగానే తీశా. ఒక్కటి కూడా నలగలా, చూసుకో" అంది, మెచ్చుకుంటానేమోనని నా ముఖం వంక చూస్తూ.

"తలలెందుకు తీశావు? మచ్చలుండేది తల మీద కదా! జబ్బు మొత్తం అక్కడే కదా కనపడేది!"

"తలల్తో ఎట్టా పంపుతారే? ఇంత పెద్ద ఆఫీసు, నీ సారుంటారు, నలుగురూ చూస్తారు. తలల్తో పంపితే మన షెడ్డు పరువేం గాను?"

అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. జ్వరం, ఏడుసార్ల ఓటమి, ఆ నవ్వు అన్నీ కలిసి నా నెత్తికెక్కాయి. "ఇది చేపల బజారు కాదు పెద్దమ్మా. తెలియని పనిలో చెయ్యి పెట్టకు" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆవిడ ముఖంలో ఏమీ మారలేదు. పమిట చెంగుతో చేతులు తుడుచుకుని, "సరేలేవే, నీ పని చూసుకో. నాలుగింటి బస్సుకి పోతా నేను" అంది. గుమ్మం దగ్గర ఆగి, మా మాస్టారికి "వెళ్ళొస్తానండి సార్ గారూ" అని దణ్ణం పెట్టింది. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. నేను బస్టాపు దాకా వెళ్ళలేదు.

ఇంకో పెట్టె రొయ్యలు తెప్పించే గడువు లేదు. ఉన్నవాటితోనే చేశాను, కసిగా, ఎలాగూ రాదని తెలిసిన పని చేసినట్టు. మర్నాడు కరెంటు వచ్చాక, మధ్యాహ్నం మూడింటికి, జెల్లును దీపం మీద పెట్టాను. గీత! కొత్త బ్లేడుతో కోసినంత నిటారుగా, పన్నెండు రొయ్యలకు పన్నెండు గీతలు. నేను పిచ్చిదానిలా అరిస్తే మాస్టారు భోజనం చేతితోనే పరుగెత్తుకు వచ్చారు. "ఈసారి ఏం మార్చావమ్మా?" అని అడిగారు. ఏమీ మార్చలేదు. నేను ఏమీ మార్చలేదన్న సంగతి తలకెక్కడానికి రెండు రోజులు పట్టింది. మచ్చలు కనిపించేది తల మీద అయినా, వైరస్ తోక పెంకు కింది పొరలో కూడా దండిగానే ఉంటుంది. తల లేకపోతే నాకు పోయిందేమీ లేదు. మరి వచ్చిందేమిటో అడగడానికి ఆదివారం పామర్రు బస్సెక్కాను.

షెడ్డులో పని నడుస్తోంది. "పెద్దమ్మా, ఆ రోజు నేనన్న మాట..." అని మొదలుపెట్టాను. "ముందు అవతలకి జరుగు, తోకల నీళ్ళలో చెయ్యి పెట్టమాక" అంది. జరిగి కూర్చుని, తలలు ఎందుకు తీయాలో చెప్పమన్నాను. నేను వేళాకోళం ఆడుతున్నానేమోనని ఒకసారి చూసి, చేతిలో ఉన్న రొయ్యను తిప్పి చూపించింది. "రొయ్యకి పొట్ట యాడుంది? తల్లోనేగా. బతికున్నన్నాళ్ళూ తిన్న మేతని అరిగించుద్ది. చచ్చాక మేత లేదుగదా, అప్పుడేం చేసుద్ది? పక్కనున్న కండనే అరిగించుద్ది. ఐసు పెడితే కాసేపు నిదానిస్తది, మానదు. అందుకే తల తియ్యాల, తల ముట్టిన చెయ్యి కూడా ఇటు రాకూడదు. ఇది తెలీదటే నీకు? బొమ్మలేశావుగా పుస్తకంలో!"

వేశాను. జీర్ణగ్రంథి తల పెంకు కిందే ఉంటుందని బాణం గుర్తు పెట్టి, రంగు పెన్సిలుతో దిద్ది మరీ వేశాను. అందులో చీటీల్ని నమిలి మింగే ఎంజైములు కుప్పలుగా ఉంటాయని కూడా నాకు తెలుసు. ఏడుసార్లూ ఆ గ్రంథిని రొయ్యతోపాటు కలిపి రుబ్బింది నేనే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దమ్మ అది చూసి, పటిక ముక్క నా వైపు విసిరి, "రొయ్యల నీళ్ళు కంట్లో పడ్డాయేమో, కడుక్కో" అంది. ఆ మధ్యాహ్నం గోంగూర రొయ్యలు వండి, నా కంచంలో రెండోసారి కూడా తనే వడ్డించింది. చేపల బజారు మాట ఆవిడా ఎత్తలేదు, నన్నూ ఎత్తనివ్వలేదు.

తర్వాతిదంతా గెలుపే. వైరస్ కణంలోకి దూరాక మొదట లేచే జన్యువుల్లో మూడింటిని నేను పట్టుకున్నాను. వాటిని లేపే మీట ఎక్కడుందో చూపించాను. ఆ పేపరు అచ్చయ్యాక నన్ను పిలవని సదస్సు లేదు. అందులో పద్ధతుల భాగంలో ఒక వాక్యం ఉంటుంది: "బతికి ఉండగానే, పట్టిన చోటే తల వేరుచేసి ఐసులో ఉంచాము." రొయ్యల మీద పనిచేసేవాళ్ళు ఇవాళ దాన్ని మామూలుగా పాటిస్తారు. ఆ వాక్యం రాసేటప్పుడు, ఇది మా పెద్దమ్మ చెప్పిందని చివర కృతజ్ఞతల్లో వేయాలా అని మాస్టార్ని అడిగాను. "శాంపిల్ ఇచ్చినవాళ్ళ పేర్లన్నీ ఎక్కడ వేస్తామమ్మా" అన్నారు. నేను పట్టుబట్టలేదు. ఆయన మీద నెట్టేయడం తేలికే కాని, నిజం అది కాదు. రొయ్యలమ్మే మనిషి దగ్గర నేర్చుకున్నానని అచ్చులో చెప్పుకోవడానికి నాకే నామోషీ అనిపించింది. ఆవిడ తెచ్చిన రొయ్యల్లోంచి తీసి ఫ్రీజర్లో దాచిన ట్యూబు మీద కూడా ‘పె.’ అని మాత్రమే రాసి, రిజిస్టర్లో ఎక్కించకుండా వదిలేశాను. పీహెచ్‌డీ వచ్చినా నేను ఇంకా ఆ బస్సులో ముందు సీట్లోనే కూర్చుని ఉన్నాను. అచ్చయిన పేపరు తీసుకెళ్ళి చూపిస్తే పెద్దమ్మ తడి చేతులతో ముట్టుకోకుండా దూరం నుంచే చూసింది. "నీ పేరు లేదు పెద్దమ్మా ఇందులో" అన్నాను. "కూర బాగుంటే వండినోళ్ళని మెచ్చుకుంటారే, రొయ్యలమ్మినోళ్ళ పేరు ఎవరడుగుతారు" అని నవ్వింది. పెద్దమ్మ మాటలు చాలావరకు నిజాలే. ఇది మాత్రం కాదని అప్పుడే అని ఉండాల్సింది.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. పామర్రు షెడ్డు ఉన్న చోట ఇప్పుడు రొయ్యల మేత డీలరు గోడౌను ఉంది. చెరువుల్లో టైగర్ పోయి వనామీ రకం రొయ్య వచ్చింది. పిల్లల్ని వదిలే ముందు రైతులు వైరస్ పరీక్ష చేయించుకుంటారు, ఆ పరీక్షల్లో ఒకదానికి పునాది మేము పట్టుకున్న జన్యువే. మా ల్యాబులో కరెంటు పోతే జెనరేటరు రెండు సెకన్లలో అందుకుంటుంది. ఆనాటి నా ఫ్యాను గదితో పోలిస్తే ఇప్పటి పిల్లలకు స్వర్గమే, ఆ స్వర్గాన్ని కట్టినవాళ్ళలో నేనూ ఉన్నానని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. ఒక్కటి మాత్రం మారలేదు. మా దగ్గర తలలకో బల్ల, తోకలకో బల్ల. ఒక బల్ల దగ్గర పనిచేసినవాళ్ళు ఆ పూట రెండో బల్లను ముట్టుకోరు. పిల్లలు దాన్ని ఏదో విదేశీ పద్ధతి అనుకుంటారు. ఇన్నేళ్ళుగా అలా అనుకోనిచ్చాను.

ట్యూబు దొరికిన రోజు సాయంత్రం షాహీనాకు ఇదంతా చెప్పాను, బస్సు దగ్గర్నుంచీ. చేపల బజారు అన్న మాట కూడా దాచలేదు. అంతా విని అది రిజిస్టరు తెరిచి, శాంపిల్ ఎవరిచ్చారో రాసే గడి దగ్గర పెన్ను ఆపి నా వంక చూసింది. "వెంకాయమ్మ, రొయ్యల షెడ్డు, పామర్రు" అని చెప్పాను. రాసి, సరిచూడమని నా వైపు తిప్పింది. "వెంకాయమ్మ గారు" అని ఉంది. రిజిస్టర్లో పేరు తప్ప శ్రీమతులూ గారులూ ఉండకూడదని మొదటిరోజే అందరికీ చెబుతాను. ఒక పెద్ద రైతు పేరు వెనక గారు రాసినందుకు పోయినేడు ఈ పిల్ల చేతే పేజీ మొత్తం తిరిగి రాయించాను. అది దానికీ గుర్తొచ్చింది. నాలుక కరుచుకుని, "సారీ మేడం, అలవాటులో వచ్చేసిందండీ. కొట్టేయనా?" అంది.

పెద్దమ్మ బతికినన్నాళ్ళూ కండక్టరు దగ్గర్నుంచి మా మాస్టారి దాకా అందరినీ గారూ అనే పిలిచింది. ఆవిడను అలా పిలిచినవాళ్ళు నాకు ఒక్కరూ గుర్తు రాలేదు.

"వద్దమ్మా," అన్నాను. "ఉండనీ."